నడవగలిగినవాళ్లు ఇటు రండి

నిన్న తాడేపల్లిగూడెంలో మాక్ డ్రిల్లు అయింది. ఎండకి తాళలేక షామియానా కిందకి పోయి ఒక కుర్చీ లాక్కుని కూర్చోబోతే, దాని వీపు వెనక నీలం రంగు చుక్క కనపడింది. కుంచెతో పెట్టింది కాదు, వేలితో అద్దింది. వేలి గీతలు కూడా రంగులో అలాగే ఎండిపోయి ఉన్నాయి. కూర్చోవడం మానేసి ఆ కుర్చీని తీసుకెళ్లి ఆఖరి వరసలో పెట్టి, డ్రిల్లు అయ్యేదాకా నిలబడే ఉన్నాను. మా టెక్నీషియన్ సునీత చూసింది. ఆ వేలు ఎవరిదో ఆమెకీ తెలుసు.

ఏలూరు వన్‌టౌన్‌లో టెంటు హౌసు ఉండేది ఆయనకి. తాతల నాటి నుంచీ తివాచీలు నేసిన ఇల్లు. మగ్గాలు మూలపడ్డాక తండ్రి గిన్నెలూ గరిటెలూ అద్దెకివ్వడం మొదలుపెడితే, ఈయన షామియానాలు, కుర్చీలు, మైకు సెట్టు చేర్చారు. పెళ్లిళ్ల రోజుల్లో ఒకరి కుర్చీలు ఇంకొకరి వ్యానులో వెళ్లిపోతుంటాయి కాబట్టి అందరూ కుర్చీల మీద పేర్లు రాయించుకుంటారు. ఈయన రాయించలేదు. నా పేరులో దేవుడి పేరు ఉందండి, దానికి జనం వీపు ఆనించి కూర్చుంటే బాగోదు కదండీ, అనేవారు. అందుకని డబ్బాలో వేలు ముంచి ప్రతి కుర్చీకీ ఒక చుక్క పెట్టుకున్నారు. "బాగోదు" అన్నది ఆయన ఊతపదం. ఆయన బతుకంతా బాగుండేవి, బాగోనివి అని రెండు రకాలుగా ఉండేది. నెప్పి, భయం, ఆకలి లాంటివి ఎప్పుడూ రెండో రకంలోకే పోయేవి.

నేను అంబులెన్సు డ్రైవర్ని. మాది భీమడోలు. మా ఉద్యోగంలో డ్రైవర్ని పైలట్ అంటారు, చొక్కా మీద కూడా అలాగే ఉంటుంది. ఆ మాటకి మా ఆవిడ దగ్గర్నుంచి టీ కొట్టువాడి దాకా నవ్వనివాళ్లు లేరు. "ఇవాళ విమానం ఎక్కడ దింపారు?" అంటారు. ఈయన ఒక్కరే ఏ వెటకారమూ లేకుండా "పైలట్ గారూ" అని నిండుగా పిలిచేవారు. ఊళ్లో అందరికీ ఆయన టెంటు భాయ్. నాకు భాయ్ గారు. నేనంటే ఆయనకి అభిమానమనీ, మా ఇద్దరికీ మంచి స్నేహమనీ నేను నమ్మకంగా ఉండేవాణ్ణి.

ఆయన డ్రిల్లులోకి వచ్చింది అనుకోకుండా. తుపాకీ పట్టుకుని ఎవడైనా జనం మీద పడితే పోలీసులు, ఫైరు వాళ్లు, మేము ఎలా కదలాలో నేర్పే డ్రిల్లులు అవి. మొదట్లో నాకు ఒళ్లుమంటగా ఉండేది. మా వైపు తుపాకీ చప్పుడు ఎవడు విన్నాడు? చేపల చెరువుల మీద పిట్టల్ని తోలడానికి టపాకాయలు కాలుస్తారు, అంతే. ఈ ఊళ్లకి ఉగ్రవాది వస్తే ముందు మంచినీళ్లిచ్చి, కూర్చోబెట్టి, ఎవరి తాలూకండీ అని అడుగుతారు. ఆ మొదటి డ్రిల్లులో గన్‌మ్యాన్ వేషం వేసిన కానిస్టేబులు చెక్క తుపాకీ చూపించి "ఎవరూ కదలకండీ" అన్నాడు. ట్రైనింగు ఇవ్వడానికి బయట్నుంచి వచ్చిన ఆఫీసరు తల పట్టుకున్నాడు.

గాయపడినవాళ్లుగా నటించడానికి కాలేజీ పిల్లలు రావాలి. ఆ రోజు ఒక పిల్లాడు రాలేదు. ఒక శవం తగ్గిందని అక్కడ అందరూ దిక్కులు చూస్తుంటే, షామియానా తాళ్లు బిగిస్తున్న భాయ్ గారు కనపడ్డారు. కాస్త పడుకుంటారా అని అడిగారు. అధికారులు అడిగితే కాదంటే బాగోదు కదా. సరేనండి అన్నారు. అన్నాక వ్యాను దగ్గరికి వెళ్లి ఒక పాత తివాచీ ముక్క తెచ్చి పరుచుకున్నారు. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. టోపీ సర్దుకున్నారు. చెప్పులు విప్పి రెండూ జతగా పక్కన పెట్టి, అప్పుడు చచ్చిపోయారు.

ట్రైనింగు ఆఫీసరు పరిగెత్తుకొచ్చాడు. తూటా తగిలినవాడు చెప్పులు విప్పి పడతాడా అని అడిగాడు. తివాచీ మీద చెప్పులతో బాగోదండి అని ఈయన పడుకునే జవాబు చెప్పారు. శవం మాట్లాడకూడదని ఆఫీసరు అన్నాడు. అప్పట్నుంచి డ్రిల్లు అయ్యేదాకా భాయ్ గారు నోరు మెదపలేదు. ఎండ మొహం మీద పడుతున్నా, చీమ చెవి మీద పాకుతున్నా అలాగే ఉన్నారు. అంత మర్యాదగా చచ్చిపోయిన మనిషిని నేను చూడలేదు.

తరవాత ప్రతి డ్రిల్లుకీ ఆయన్ని పిలిచేవాళ్లు. షామియానా ఎవరు వేసినా సరే, పడుకోవడానికి మాత్రం ఈయనే రావాలి. పిల్లలైతే కిసుక్కున నవ్వుతారు, సెల్‌ఫోన్లు చూసుకుంటారు. ఈయన వచ్చీ రాగానే తనకి ఎక్కడ తగిలిందో, స్పృహ ఉందో లేదో అడిగి తెలుసుకునేవారు. ఒక్కటి మాత్రం చేతకాలేదు. నొప్పితో అరవాల్సిన వేషం ఇస్తే అరవలేకపోయేవారు. సునీత వంగి, గట్టిగా మూలగండి భాయ్ గారూ అంటే, ఇంతమందిలో సిగ్గుగా ఉందమ్మా అని చెవిలో చెప్పేవారు. చివరికి ఆయనకి అరుపుల వేషాలు ఇవ్వడం మానేశారు.

మొదటి ఏడాది డ్రిల్లుల సంగతి చెప్పకపోతేనే మంచిది. టపాకాయలు పేలేవి. పోలీసులు వచ్చి గన్‌మ్యాన్‌ని పట్టుకునేవాళ్లు. ఎవరో పెద్ద అధికారి వచ్చి వాడి పక్కన నిలబడి ఫోటో దిగేవాడు. అదయ్యాక మమ్మల్ని లోపలికి వదిలేవాళ్లు. అప్పటిదాకా భాయ్ గారు, పిల్లలు ఎండలో పడి ఉండేవాళ్లు. డ్రిల్లు పూర్తయ్యాక తివాచీ చుట్టుకుంటూ ఆయన ప్రతిసారీ ఒకటే మాట అడిగేవారు.

"మమ్మల్ని ఎప్పుడు తీస్తారండి, పైలట్ గారూ?"

వాడు దొరికాకేనండి, ముందు వెళ్తే మమ్మల్నీ కాలుస్తాడు కదా అనేవాణ్ణి. అవునవును, మీకు పిల్లలున్నారు అనేవారు. మళ్లీ డ్రిల్లుకి మళ్లీ అదే ప్రశ్న. దెప్పిపొడుపు లేదు ఆ గొంతులో. బస్సు ఎన్నింటికని అడిగినట్టు అడిగేవారు. కానీ మూడోసారో నాలుగోసారో నాకు గుచ్చుకుంది. నేల మీద పడుకుని చూసినవాడికి తెలుస్తుంది, మేము ఎంతసేపు గట్టు మీద నిలబడి ఉంటామో.

కొత్త పద్ధతి తరవాత వచ్చింది. కాల్చేవాడు దొరికేదాకా ఆగితే రక్తం పోయే చచ్చిపోతున్నారు కాబట్టి, వాడు ఇంకా లోపల ఉండగానే పోలీసులు చుట్టూ అడ్డంగా నిలబడి మా టెక్నీషియన్లని మధ్యలో పెట్టుకుని తీసుకెళ్లాలి. ఫైరు వాళ్లు స్ట్రెచర్లు మోయాలి. ఇది నేర్చుకోవడానికి మమ్మల్నందరినీ గూడెంలో పాత విమానాల రన్‌వే మీదకి తోలారు. వారం పాటు ఎండలో మాడాం. పోలీసులకీ ఫైరు వాళ్లకీ పడదు, ఫైరు వాళ్లకీ మాకూ పడదు. ఎవరి ఈల వాళ్లది, ఎవరి పెద్ద వాళ్లకి. మీరు ముందు వెళ్లండి అంటే, అబ్బే మీరే వెళ్లండి అని మర్యాదలు పోయి అందరం ఒక్కచోటే నిలబడిపోయేవాళ్లం.

లోపలికి వెళ్లిన టెక్నీషియన్ మొట్టమొదట చెయ్యాల్సిన పని, చేతి మైకులో ఒక పిలుపు పిలవడం. "నడవగలిగినవాళ్లు ఇటు రండి" అని. లేచి నడిచి వచ్చినవాళ్లకి ఆకుపచ్చ ట్యాగు కట్టి పక్కన కూర్చోబెడతారు. వాళ్లని ఆఖర్న చూస్తారు. లేవలేక పడి ఉన్నవాళ్ల దగ్గరికి ముందు వెళ్తారు. వాళ్లలో ప్రాణాపాయం ఉన్నవాళ్లకి ఎర్ర ట్యాగు, కాస్త ఆగగలిగినవాళ్లకి పసుపు, పోయినవాళ్లకి నలుపు. వినడానికి తేలిక. ఎదురుగా రక్తం కారుతుంటే ఆ లెక్క గుర్తుండటమే కష్టం, అందుకే మళ్లీ మళ్లీ చేయించేవాళ్లు.

ఆ రోజు భాయ్ గారికి ఇచ్చిన వేషం రెండు కాళ్లూ విరిగినవాడిది. తివాచీ పరిచి, చెప్పులు విప్పి పడుకున్నారు. టపాకాయలు పేలుతున్నాయి. పోలీసుల మధ్య నుంచి సునీత వచ్చింది. మైకు ఎత్తి, గొంతు పగిలేలా పిలిచింది. నడవగలిగినవాళ్లు ఇటు రండి, నా గొంతు వైపు రండి. పిల్లలు కొందరు లేచారు. వాళ్లతో పాటు భాయ్ గారూ లేచారు. చెప్పులు వేసుకున్నారు. తివాచీ దులుపుకుని చంకలో పెట్టుకుని, నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చి సునీత ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

రన్‌వే అంతా గొల్లుమంది. టపాకాయలు కాల్చేవాడు కూడా ఆపేసి నవ్వాడు. ట్రైనింగు ఆఫీసరు మాత్రం నవ్వలేదు. మీకు రెండు కాళ్లూ విరిగాయి కదా, ఎలా వచ్చారు అన్నాడు.

"ఆడపిల్ల అంతలా పిలుస్తుంటే పడుకుని ఉండటం బాగోదండి," అన్నారు భాయ్ గారు.

ఆఫీసరు ఓపిగ్గా చెప్పాడు. మీరు లేచి వస్తే మీకు ఆకుపచ్చ ట్యాగు పడుతుంది, మిమ్మల్ని ఆఖర్న చూస్తాం, లేవలేనివాడు లేవకూడదు, నొప్పి ఉన్నవాడు ఉందని చెప్పాలి, ఇది మర్యాదల చోటు కాదు అన్నాడు. భాయ్ గారు శ్రద్ధగా విన్నారు. కాసేపు ఆలోచించి, అంటే పిలిస్తే వచ్చినవాణ్ణి ఆఖర్న తీస్తారాండీ అని అడిగారు. నడిచేవాడికి ప్రమాదం తక్కువ కదా అన్నాడు ఆఫీసరు. న్యాయమేలెండి అని తల ఊపి, వెనక్కి వెళ్లి మళ్లీ తివాచీ పరిచారు. రెండోసారి పిలిచినప్పుడు లేవలేదు. కానీ ఆమె పిలిచినంతసేపూ ఆయన మొహం చూడాలి, పిలిచినా పలకని మనిషినైపోయానే అన్నట్టు ఎంత ఇబ్బంది పడ్డారో.

ఆఖరి రోజు డ్రిల్లు అచ్చం అనుకున్నట్టు జరిగింది. చెక్క తుపాకీవాడు ఇంకా గోడ వెనకే ఉన్నాడు, టపాకాయలు పేలుతూనే ఉన్నాయి, ఫైరు వాళ్లు భాయ్ గారిని స్ట్రెచరు మీద మోసుకొచ్చి నా బండిలోకి ఎక్కించారు. నేను తలుపు వేస్తుంటే పడుకునే నా చెయ్యి పట్టుకున్నారు. ఇవాళ తొందరగా వచ్చారండి అన్నారు. కళ్లలో నీళ్లు తిరిగాయి ఆయనకి. అప్పుడు నాకు చాలా గర్వంగా అనిపించింది.

ఆ తరవాత వచ్చిన ఎండాకాలంలో కొల్లేరు లంకల్లో ఒక ఊరి నుంచి ఫోను వచ్చింది. మధ్యాహ్నం వేళ. రెండు వర్గాల మధ్య ఒక చేపల చెరువు గట్టు గురించి తగవు. పెద్దమనుషులు రాజీకి కూర్చోబెట్టారు. మాట మీద మాట పెరిగి, ఒకడు కారులోంచి లైసెన్సు తుపాకీ తీశాడు. మొదటి చప్పుడుకి ఎవరూ కదల్లేదట. పక్క చెరువు మీద పిట్టల్ని తోలుతున్నారనుకున్నారట. జనం మీదకి నాలుగైదుసార్లు కాల్చి, వాడు గట్టు చివర మోటారు షెడ్డులోకి దూరాడు.

మేము వెళ్లేసరికి ఇంకో అంబులెన్సు కూడా వచ్చి ఉంది. గట్టు మొదట్లోనే ఇద్దరు కానిస్టేబుళ్లు చేతులు అడ్డం పెట్టారు. వాడు షెడ్డులోనే ఉన్నాడండి, ఎస్సై గారు వస్తున్నారు, అప్పటిదాకా ఎవరినీ వదలద్దన్నారు అని బతిమాలినట్టు చెప్పారు. వాళ్లని తిట్టడానికి కూడా లేదు. ఇద్దరికీ కలిపి ఒక లాఠీ ఉంది. అక్కడి నుంచి షామియానా కనపడుతోంది. దాని కింద జనం పడి ఉన్నారు. ఎవరో ఏడుస్తున్నారు, చెరువు మీద నుంచి గాలికి ఆ ఏడుపు మా చెవుల్లోనే పడుతోంది. సునీత కిట్టు భుజాన వేసుకుని అటూ ఇటూ తిరుగుతోంది. నేను స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను. నా చేతిలో బండి ఉంది, ఎదురుగా రోడ్డు ఉంది, నేను చెయ్యగలిగింది ఏమీ లేదు. ఆ షామియానా మెరూన్ పరదాలు ఎక్కడో చూసినట్టుందని అనుకున్నాను గానీ, టెంట్లన్నీ ఒకలాగే ఉంటాయి అని సరిపెట్టుకున్నాను.

ఎస్సై వచ్చాడు. అదృష్టం, గూడెం రన్‌వే మీద మాతో పాటు మాడినవాడే. వాడు దొరికేదాకా ఆగుదామని ఒక్క మాట అనలేదు. సగం మందిని షెడ్డు వైపు పంపాడు, మిగతావాళ్లని సునీత చుట్టూ నిలబెట్టాడు. పదమ్మా అన్నాడు. డ్రిల్లులో ఎలా చేశామో అలాగే, ఒక్క అడుగు తేడా లేకుండా వెళ్లారు. గట్టు మీద నుంచి నేను చూస్తూనే ఉన్నాను. సునీత షామియానా దగ్గర ఆగి, మైకు ఎత్తింది.

నడవగలిగినవాళ్లు ఇటు రండి.

కొందరు లేచారు. వాళ్లలో తెల్ల టోపీ ఒకటి కనపడింది. ఆ నడక చూడగానే నాకు తెలిసిపోయింది. ఒక మడిచిన మెరూన్ పరదా పొట్టకి ఆనించి పట్టుకుని, ఒక ముసలమ్మని రెండో చేత్తో నడిపించుకుంటూ, నెమ్మదిగా ఆ పిలుపు వైపు వచ్చారు భాయ్ గారు. ఆ మీటింగుకి షామియానా వేసింది ఆయనే. ఆ ఊరివాళ్లు తరవాత చెప్పారు. మొదటి చప్పుడు పిట్టల టపాకాయ కాదని కనిపెట్టింది ఆయన ఒక్కరేనట. కుర్చీ కుర్చీ దగ్గరికీ వెళ్లి, పడుకోండమ్మా, కింద పడుకోండి బాబూ అని ఆడవాళ్లనీ ముసలివాళ్లనీ కిందకి దింపుతున్నారట. అందరూ పడుకున్నారు, ఆయన ఒక్కరే నిలబడి ఉన్నారు.

సునీత ఆయన్ని చూసి ఒక్క క్షణం ఆగిందట. తగిలిందా భాయ్ గారూ అని అడిగిందట. కాస్త గీసుకుందమ్మా, నాకేం ఫర్వాలేదు, ముందు ఆ అబ్బాయిని చూడు అన్నారట. చొక్కా ఎత్తమంటే, ఇంతమంది ఆడవాళ్లలో ఏంటమ్మా అన్నారట. ఆ అబ్బాయికి మెడ దగ్గర నుంచి రక్తం చిమ్ముతోంది. ఆమె అటు పరిగెత్తింది. ఆమె స్థానంలో ఎవరున్నా అటే పరిగెత్తాలి. ఆమెకి నేర్పింది అదే, నడిచి వచ్చినవాణ్ణి ఆఖర్న చూస్తారని ఆయనా విన్నారు. నడిచి వచ్చారు, మాట్లాడారు, ఆకుపచ్చ ట్యాగు కట్టించుకుని తన కుర్చీల్లోనే ఒకదాంట్లో కూర్చున్నారు.

ఎర్ర ట్యాగులవాళ్లని ఆ రెండో అంబులెన్సు తీసుకెళ్లింది. మా బండి వెనక భాగంలో తొడలో గుళ్లు దిగిన ఒకాయన్ని పడుకోబెట్టి సునీత ఎక్కింది. ఆకుపచ్చవాళ్లని ఆటోల్లో పంపుతున్నారు. ఆటో ఎందుకు, నా పక్క సీట్లో రండి భాయ్ గారూ అని నేనే పిలిచాను. పిలవగానే లేచారు. బండి మెట్టు దగ్గర చెప్పులు విప్పారు. వేసుకునే ఎక్కండి అన్నాను. లోపలంతా శుభ్రంగా ఉంది, బాగోదండి అని, చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కి, సీటు కింద జతగా పెట్టి కూర్చున్నారు. పరదా ఒళ్లో అలాగే ఉంది. ఇంత గొడవలోనూ సామాను వదల్లేదు ఈ మనిషి అని లోపల నవ్వుకున్నాను.

గట్టు రోడ్డు మీద ఎదురుగా చేపల లారీ. రెండు బళ్లు పట్టవు. అది వెనక్కి పోవాలి. నేను హారన్ మీద చెయ్యి తియ్యకుండా అరుస్తున్నాను. లారీవాడు పాపం చెమటలు కక్కుతూ ఐసు నీళ్లు కారుతున్న బండిని వెనక్కి పోనిస్తున్నాడు. భాయ్ గారు వాణ్ణి తిట్టకండి, గట్టు జారితే పడిపోతాడు అన్నారు. తరవాత అద్దంలోంచి చెరువు వైపు చూస్తూ, ఎవరితోనో చెప్పుకుంటున్నట్టు అన్నారు.

"ఇవాళా తొందరగానే వచ్చారండి. సునీతమ్మ బాగా పిలిచింది."

లారీ తప్పుకుంది. తారు రోడ్డు ఎక్కి స్పీడు అందుకున్నాను. ఏసీ కాస్త తగ్గించండి, చలేస్తోంది అన్నారు ఆయన. బయట నిప్పులు కురుస్తున్నాయి. మా బండిలో ఏసీ పాడై అప్పటికి నెల దాటింది.

ఇన్నేళ్లు ఈ బండి తోలుతున్నవాణ్ణి, ఎండలో చలి అంటే ఒంట్లో రక్తం పోతోందని నాకు తెలుసు. వెనక్కి తిరిగి సునీతా అని అరిచాను. బండి ఆపాను. ఆమె దిగి వచ్చి పరదా తీసింది. మెరూన్ గుడ్డ కాబట్టి తెలియలేదు, పిండితే కారేలా ఉంది. చొక్కా ఎత్తితే పొట్ట మీద చిన్న చిల్లు. బటన్ అంత. బయటికి వచ్చినదానికంటే లోపలికే ఎక్కువ రక్తం పోతోంది. ఇద్దరం కలిసి దింపి, బండి వెనక భాగంలో స్ట్రెచరు పక్కన కింద పడుకోబెట్టాం. అప్పుడు కూడా ఆ తొడ దెబ్బాయనతో, ఇరుకైంది కదండీ మీకు, ఏమనుకోకండి అన్నారు. నేను విన్న ఆఖరి మాట అది.

ఆ తరవాత నేను తోలిన తోలుడు దేవుడికే తెలియాలి. వెనక నుంచి సునీత గొంతు ఒకటే వినపడుతోంది. మాట్లాడండి భాయ్ గారూ, నెప్పి ఎక్కడుందో చెప్పండి భాయ్ గారూ అని. ఏలూరు పొలిమేర దగ్గర ఆ గొంతు ఆగిపోయింది. నేను బండి ఆపలేదు. ఆపాల్సిన అవసరం లేదని తెలిసి కూడా ఆసుపత్రి గేటు దాకా అదే స్పీడులో తోలాను.

సంగతి విని ట్రైనింగు ఆఫీసరు ఏలూరు వచ్చాడు. జరిగిందంతా మొదట్నుంచీ చెప్పించుకున్నాడు. ఎక్కడైనా తప్పు దొరికితే బాగుండునని అతని మొహం చూస్తే తెలుస్తోంది. దొరకలేదు. ఎస్సై ఆగలేదు. సునీత భయపడలేదు. మెడ దెబ్బ అబ్బాయి బతికాడు. ఆకుపచ్చవాళ్లని మధ్యమధ్య మళ్లీ చూస్తుండాలన్నారు, చూసినప్పుడల్లా ఆయన ఫర్వాలేదమ్మా అనే అన్నారు. అంతా పద్ధతి ప్రకారమే జరిగింది అని ఆఫీసరు అన్నాడు. అని, కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. నాకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో ఇప్పటికీ తెలియదు. కోపానికి ఒక మనిషి కావాలి. కాల్చినవాడు సాయంత్రానికి చేతులెత్తి బయటికి వచ్చాడు, జైల్లో ఉన్నాడు, వాడి మీద నాకున్నది అసహ్యం. కోపం వేరు, అది ఇంకా ఎక్కడా దిగలేదు.

నిన్న గూడెంలో సునీత చేతికి మైకు ఇచ్చారు. పుచ్చుకుంది. నోటి దాకా ఎత్తింది. పిల్లలు పడుకుని ఎదురుచూస్తున్నారు. ఆమె గొంతులోంచి ఆ పిలుపు రాలేదు. కాసేపు చూసి వేరే ఆయన మైకు తీసుకుని పిలిచాడు, పిల్లలు నవ్వుకుంటూ లేచి వచ్చారు. ఆమె అలా లేచి వచ్చిన ప్రతి ఒక్కరి దగ్గరికీ వెళ్లి పొట్ట నొక్కి చూడటం మొదలుపెట్టింది.

ఆయన గురించి తలుచుకున్నప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది మాత్రం చెప్పులు. ఆ రోజు గొడవలో అవి బండిలోనే ఉండిపోయాయి. సీటు కింద జతగా, ఎలా పెట్టినవి అలాగే. మర్నాడు బండి కడుగుతుంటే కనపడ్డాయి. కొన్నాళ్లు ఆగి, కాగితంలో చుట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య కూర్చోమంది. టీ ఇచ్చింది. నేనెవరో చెప్పుకోబోతే, తెలుసండి, పైలట్ గారు కదా, ఇంట్లో మీ మాట అనేవారు అంది.

తాగి గ్లాసు కింద పెట్టాను. తరవాత ఆమె, నడుచుకుంటూనే బండి ఎక్కారంట కదండీ అని అడిగింది. అవునమ్మా అన్నాను. మీ పక్కనే కూర్చున్నారంట కదండీ. అవునమ్మా. దారిలో మాట్లాడారంట కదండీ. దానికీ అవునన్నాను. నడిచి ఎక్కి, కూర్చుని, మాట్లాడిన మనిషి ఎలా పోతాడో నన్ను అడుగుతోందని తెలుసు.

"నెప్పి అని మీతో అనలేదాండీ?"

లేదమ్మా, ఒక్కసారి కూడా అనలేదు అన్నాను.

ఆమె కాగితం విప్పి చెప్పుల్ని గుమ్మం పక్కన జతగా పెట్టింది. కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఇంట్లో కాలికి చిన్న ముల్లు గుచ్చుకుంటే వీధి చివరిదాకా వినపడేదండి ఆయన అరుపు. తలనొప్పి వస్తే ఇంట్లో ఎవర్నీ పడుకోనిచ్చేవారు కాదు. బయటివాళ్ల దగ్గరే అండీ, అనరు."